నాన్న రంగు

కళింగపట్నంలో దాలమ్మ చేపల బేరం మొదలెట్టిందంటే కొనేవాళ్లు ముందు నవ్వుతారు, తర్వాత విసుక్కుంటారు, ఆఖరికి ఆవిడ చెప్పిన ధరకే కొనుక్కుని పోతారు. ఆ రోజు పొద్దున్నా అంతే అయింది. వీధరుగు మీద గంప పెట్టుకుని, ఒక కోనాం చేప మొప్ప పైకెత్తి హైస్కూలు మాస్టారికి చూపించింది.

"నెత్తుటి రంగు ఉన్నాదా నేదా నువ్వే సూడు బాబూ. ఊదా తిరిగితే నిన్నటిది. నలుపు తిరిగితే మొన్నటిది. రంగు కాడ ఈ కల్లు మోసపోవు, ఒకల్ని మోసం సెయ్యవు."

మాస్టారు నోరు మూసుకుని చేప పట్టుకెళ్లారు. దాలమ్మ చేతులు కడుక్కుని లోపలికొచ్చేసరికి కూతురు అనిత ఇంకా చాప మీదే కూర్చుని ఉంది. ఇరవై ఆరేళ్ల పిల్ల. రోజూ ఈపాటికి జడ వేసుకుని, క్యారేజీ సర్దుకుని, శ్రీకాకుళం బస్సులో కిటికీ పక్క సీటు పట్టేసి ఉండేది.

"ఏటే, బస్సు ఎల్లిపోనాది. ఒంట్లో బాగోనేదేటి?"

"బాగానే ఉన్నాను. ఇవాళ్టి నుంచి ఇంక బస్సే ఎక్కక్కర్లేదమ్మా."

అనిత శ్రీకాకుళంలో ఒక ఫ్లెక్సీ షాపులో డిజైనరు. ఆరేళ్లుగా అదే పని. పెళ్లిళ్లు, పుట్టినరోజులు, కొత్త సర్పంచికి స్వాగతాలు అన్నీ చేసేది గానీ, ఆమె చెయ్యి బాగా తిరిగింది శ్రద్ధాంజలి ఫ్లెక్సీల్లో. పల్లెల్లో పెద్దవాళ్లకి సరైన ఫొటోలుండవు. మనిషి పోయాక ఇంట్లోవాళ్లు రేషన్ కార్డో, ఓటరు కార్డో, ఎవరి పెళ్లిలోనో వెనక వరసలో నిలబడ్డ ఫొటోనో పట్టుకొస్తారు. అనిత అందులోంచి మొహం కత్తిరించి, మరకలు తుడిచి, రంగు తేల్చి, మెడ కింద తెల్లచొక్కా అతికించి, వెనక కాస్త వెలుగు పెట్టి ఇచ్చేది. "కొంచెం తెల్లగా సెయ్యమ్మా" అనకుండా షాపు మెట్లు దిగినవాళ్లు లేరు. అందుకని వాళ్లు అడక్కముందే చేసెయ్యడం ఆమెకి అలవాటైపోయింది.

ఇప్పుడా షాపు యజమాని గదులు ఖాళీ చేసి, ప్రింటింగు మిషను ఒక్కటే ఉంచుకుంటున్నాడు. ఇంటి దగ్గర డిజైను చేసి నెట్‌లో పంపితే ముక్కకింత అని ఇస్తానన్నాడు. సొంత కంప్యూటరు ఉన్నవాళ్లకే ఆ పని. అనిత దగ్గర ఉన్నది ఒక ఫోను, అదీ మూల పగిలింది.

కూతురు చెప్పిందంతా దాలమ్మ నిలబడే విన్నది. వంటింట్లోకి వెళ్లి, ఉప్పు జాడీ వెనక నుంచి ఒక పాత పౌడరు డబ్బా తెచ్చి కూతురి ఒళ్లో పెట్టింది.

"నలపై వేలున్నాయి. ఇందులో వస్తాదా నీ కంప్యూటరు?"

అనిత డబ్బా మూత తీసింది. "ఎక్కడివమ్మా ఇవి?"

"సేపలమ్ముకున్నవి. నీకెందుకు? ఒకటే మాట సెప్తన్నాను ఇను. అది ఇంటికొచ్చిన రోజు మొదటి పని మీ నానది. మీ నాన ముకం పెద్దది సెయ్యాల. ఇంత." రెండు చేతులూ చాపి చూపించింది. "గోడకి కాదు. నాను సూసుకోడానికి."

ఊళ్లో అందరి తండ్రుల మొహాలూ చేసిన అనిత, తన తండ్రి మొహం మాత్రం చెయ్యలేదు. చెయ్యమని ఎవరూ అడగలేదు, అడిగే ధైర్యం ఎవరికీ లేదు. నాలుగేళ్ల కిందట వంశధార సముద్రంలో కలిసే మొగ దగ్గర బోటు తిరగబడింది. అందులో ఉన్నది ఇద్దరన్నదమ్ములు. అన్న కూర్మయ్య ఒడ్డుకొచ్చాడు. తమ్ముడు ఎల్లాజీ రాలేదు, అతని శవమూ రాలేదు. కళ్లారా చూడనిదాన్ని దాలమ్మ ఒప్పుకోలేదు. దినం పెట్టనివ్వలేదు, బొట్టు తియ్యలేదు, గాజులు తియ్యలేదు. ఊరు మొదట జాలిపడింది, తర్వాత గొణిగింది, ఆ తర్వాత దానికి వేరే కబుర్లు దొరికాయి.

నాలుగు రోజులు అనిత నోటుపుస్తకంలో రాసింది కొట్టేసి, కొట్టేసింది రాసి, ఒక లిస్టు తేల్చింది. నలభై వేలలో అన్నీ మంచివి రావు. ఒకటి పెద్దది కొంటే ఇంకోటి చిన్నదవుతుంది. ఏది చిన్నదైతే పని ఆగదో తెలుసుకోవడంలోనే ఉంది కిటుకంతా. తల్లి కూడా వస్తానంటే వద్దనలేకపోయింది.

శ్రీకాకుళంలో గిరిబాబు కంప్యూటర్ సామాన్ల షాపులో దాలమ్మ కుర్చీ చివర కూర్చుని, చుట్టూ అట్టపెట్టెల్ని అనుమానంగా చూసింది. గిరిబాబు లిస్టు చదివి పెదవి విరిచాడు.

"డిజైనింగంటన్నావు, గ్రాఫిక్స్ కార్డు రాయనేదేటమ్మా? అది నేకపోతే ఇదంతా ఎందుకు?" అని లోపలి నుంచి ఒక పెట్టె తెచ్చాడు. మూత తీస్తే రెండు ఫ్యాన్లు, ఎర్రలైట్లు. కుర్రాళ్లు చూస్తే వదలరు.

"నేను చేసేది ఆటలూ కాదు, తిరిగే బొమ్మలూ కాదండీ. ఫొటోషాపూ, కోరెల్‌డ్రా. దానికి బోర్డులో ఉన్నదే సరిపోతాది," అంది అనిత. "ఆ డబ్బు నాకు ర్యామ్‌కి కావాలి. షాపులో నాలుగు జీబీ మిషనుండేది. పన్నెండడుగుల ఫ్లెక్సీ తెరిస్తే అది పావుగంట నిద్రపోయేది. ఎనిమిది పెట్టండి. ప్రాసెసర్ చిన్నదే సాలు. విండోస్‌కి చిన్న ఎస్‌ఎస్‌డి డిస్కు వెయ్యండి. మిగిలిందంతా మానిటర్‌కి."

"మానిటర్‌కేటి? బొమ్మ కనబడితే సాలు కదా."

అనిత నవ్వింది. తెర మీద కుంకంరంగు వేస్తే ఫ్లెక్సీ మీద ఇటికరాయి రంగు వచ్చేది. పెళ్లివాళ్ల చేత తిట్లు తిన్నది గిరిబాబు కాదు, తను. పెన్‌డ్రైవ్ తీసి ఇచ్చింది. అందులో ఆ పొద్దున ఎండలో తీసిన అమ్మ చేపలగంప ఫొటో ఉంది. గిరిబాబు మూడు మానిటర్లు పక్కపక్కన పెట్టి మూడింటిలోనూ దాన్నే వేశాడు.

"అమ్మా, నువ్వు సూడు," అంది అనిత.

దాలమ్మ లేచి వచ్చింది. మొదటిదాని ముందు నిలబడి పెదవి తిప్పింది. "ఇది ఐసులోది. నిన్నటిది." రెండోది మహా వెలుగ్గా ఉంది, షాపులోకి వచ్చినవాళ్లందరి కళ్లూ దాని మీదే పడతాయి. "దీనికెవులో రంగేసినారు. ఇంత ఎర్ర మొప్ప సముద్రంలో నేదు." మూడోదాని దగ్గర ఆగిపోయింది. వంగి, కొనగోరుతో తెర మీద మొప్ప ఎత్తబోయి, తన పనికి తనే సిగ్గుపడి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఇది నా గంపలోది."

"అది ఐపీఎస్ ప్యానెలమ్మా. రేటెక్కువ," అన్నాడు గిరిబాబు. ముప్పై రకాల మానిటర్లు అమ్మినవాడు, చేప చూసి మానిటర్ ఎంచినవాళ్లని చూడలేదు.

"ప్యానెలేటో నాకు తెల్దు. సేప తెలుస్తాది."

అన్నీ కలిపేసరికి యూపీఎస్‌కి డబ్బు చాల్లేదు. అది తర్వాత చూసుకుందామంది అనిత. అదెందుకని అడిగింది దాలమ్మ. కరెంటు పోతే అంతవరకూ చేసింది పోకుండా పది నిమిషాలు నిలబెడుతుందని, ఆ పది నిమిషాల్లో పని సేవ్ చేసుకుని మిషను ఆపేసుకోవాలని గిరిబాబు చెప్పాడు.

"ఒకపాలి పోనాది సాలు," అంది దాలమ్మ గొంతు తగ్గించి. తర్వాత గొంతు పెంచి బేరం మొదలుపెట్టింది. గిరిబాబు నవ్వాడు, విసుక్కున్నాడు, ఆఖరికి పాత కీబోర్డు, పాత మౌసు ఊరికే ఇచ్చి, నాసిరకం క్యాబినెట్‌లో సామానంతా బిగించి, యూపీఎస్ కూడా ఆటోలో పెట్టించాడు.

కంప్యూటర్ కిటికీ పక్కన బల్ల మీద కూర్చున్న మూడో రోజు పొద్దున కూర్మయ్య వచ్చాడు. అరవై దాటిన మనిషి. మొగ దగ్గర నుంచి ఒక్కడే ఒడ్డుకొచ్చినప్పటి నుంచి సముద్రం మీదికి వెళ్లడం మానేసి, వలలు కుట్టుకుంటున్నాడు. గుమ్మంలోనే ఆగిపోయి ఆ బల్ల వైపు చూశాడు.

"దాలమ్మా, ఇదేటి?"

"కంప్యూటర్, బావా. అనిత గుంటకి ఇంటికాడ పని."

"డబ్బెక్కడిది?"

దాలమ్మ చీపురు అందుకుని, ఊడ్చిన చోటే మళ్లీ ఊడ్చింది.

"నానడిగింది డబ్బెక్కడిదని."

"ఆ డబ్బే."

కూర్మయ్య గుమ్మానికి చెయ్యి ఆన్చుకున్నాడు. "నాను బతిమాలగా బతిమాలగా తమ్ముడి దినానికని రెండేల్లుగా దాసినావు. ఈ మాలయ పచ్చాలకి పిండం ఎడదామని నువ్వే ఒప్పుకున్నావు. నాను అయ్యోరికి సెప్పినాను. నలుగురికీ సెప్పినాను. గడ్డిబొమ్మ సేసైనా సరే, ఆడికి నిప్పూ నీరూ ఇద్దామన్నాను. ఇప్పుడా డబ్బు ఎట్టి టీవీ కొన్నావా?"

అనిత కుర్చీలోంచి లేచింది. "అమ్మా, అది నాన్న డబ్బా? నాకెందుకు సెప్పనేదు?"

"సెప్తే కొనవు," అంది దాలమ్మ.

"నాలుగేల్లు దాలమ్మా. నీల్లొదిలినోడు నేడు, పిండం ఎట్టినోడు నేడు. ఆడు ఏ ఆకలితో ఏ ఒడ్డున తిరగతన్నాడో ఎవులికెరిక?" కూర్మయ్య గొంతు వణికింది. వణికినందుకు అతనికే కోపం వచ్చింది. ఆ కోపంలో అనకూడనిది అనేశాడు. "నీ బొట్టు కోసం, నీ గాజుల కోసం నా తమ్ముణ్ణి అటూ ఇటూ కాకండా ఏలాడదీసినావు."

దాలమ్మ చీపురు గోడకి ఆనించింది. "ఎల్లు బావా," అంది మెల్లగా.

కూర్మయ్య వెళ్లిపోయాడు. కంప్యూటర్‌ని తిరిగి ఇచ్చేద్దామని, గిరిబాబు సగం అయినా ఇవ్వకపోడని అనిత ఎంత చెప్పినా దాలమ్మ వినలేదు. "మొదటి పని ఏటన్నాను? అది సెయ్యి," అని గంప నెత్తిన పెట్టుకుని వీధిలోకి నడిచింది.

అనిత పని మొదలుపెట్టింది. ఎల్లాజీ ఫొటోలు ఇంట్లో రెండే మిగిలాయి. ఒకటి ఓటరు కార్డులోది, నలుపూ తెలుపూ, మసి పూసినట్టుంది. రెండోది మేనత్త కూతురి పెళ్లిలోది, రంగు వెలిసిపోయింది. వెనక వరసలో ఎవరి భుజం చాటునో అతని మొహం చింతగింజంత ఉంది. మొదటిదాంట్లోంచి కళ్లూ నుదురూ, రెండోదాంట్లోంచి ముక్కూ నోరూ తీసుకుని ఒకదానిమీద ఒకటి పరిచింది. ఎనిమిది జీబీ ర్యామ్ ఒక్కసారి కూడా తడబడలేదు. మూడు రోజులు కూర్చుంది. చెయ్యి తనకి తెలిసిన పని తను చేసుకుపోయింది. మరకలు పోయాయి, గరుకు పోయింది, బుగ్గలు నున్నబడ్డాయి. తెల్లచొక్కా వచ్చింది. వెనక లేత నీలం వెలుగు వచ్చింది. ఇంత బాగా ఎవరికీ చెయ్యలేదని ఆమెకే అనిపించింది. కళ్లు తుడుచుకుని తల్లిని పిలిచింది.

మధ్యాహ్నం ఎండకి అలిసి వచ్చిన దాలమ్మ తెర ముందు నిలబడి, తల కాస్త వంచి, జాలిగా చూసింది.

"అయ్యో, ఎవులమ్మా ఈ బాబు? ఏ ఊరోడు పాపం?"

అనిత తెర మీద వేలు పెట్టింది. "అమ్మా, నాన్న."

దాలమ్మ దగ్గరికొచ్చింది. మళ్లీ వెనక్కి వెళ్లింది. పక్క నుంచి చూసింది. "కాదు," అంది.

"ఏది కాదు? కళ్లా, ముక్కా? సెప్పు, మారుస్తాను."

"తెల్దు. ఈయన కాదు."

"తెలీకుండా కాదని ఎలగంటావు?" మూడు రోజుల అలసట, పెదనాన్న మాటలు, పౌడరు డబ్బా అన్నీ కలిసి అనిత గొంతులోకి వచ్చేశాయి. "పెద్నాన్న అన్నది నిజమేనేమో. నాన్న పోయాడని ఒప్పుకోవు. ఇదిగో నాన్న అని సూపిస్తే అదీ ఒప్పుకోవు. ఎంత బాగా చేసినా నీకు కాదనే ఉంటాది."

అన్న మరుక్షణమే నాలిక కరుచుకుంది. కానీ దాలమ్మకి కోపం రాలేదు. నేల మీద కూలబడి, చీరచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆవిడ అలా ఏడవడం అనిత నాలుగేళ్లలో చూడలేదు. బోటు ఖాళీగా ఒడ్డుకి కొట్టుకొచ్చిన రోజు కూడా చూడలేదు.

"నాను ముకం మర్సిపోనానే."

అనిత కుర్చీ దిగి తల్లి పక్కన కూర్చుంది.

"గొంతున్నాది. గుమ్మం కాడ నిలబడి కాల్ల ఇసక దులుపుకున్న సప్పుడున్నాది. ఒంటి కంపున్నాది. ముకం కాడికొచ్చీసరికి ఉత్తదే. నిరుడు ఎండల్లో ఒకరోజు పొద్దున లేసి సూసుకుంటే నేదు. అప్పట్నుంచి ఎతుకుతన్నాను. ఓటరు కార్డు సూసినాను, అది ఆయన కాదు. సంతలో ఎనకనుంచి ఎవులైనా అలగ నడిస్తే ముందుకెల్లి ముకం సూస్తన్నాను, ఒకేల గేపకం వస్తాదేమో అని. పాతికేల్లు కాపరం సేసినాను, ముకం మర్సిపోనానని ఎవులికి సెప్పుకోను? దినం కాడ తలుసుకోమంటారు. ఎవుల్ని తలుసుకోను? ముకం నేనోడికి పిండం ఎలగెట్టను? అందుకే డబ్బు దీనికెట్టినాను. ఒక్కపాలి ముకం కనబడితే, మీ పెద్నాన్న ఎలగంటే అలగేనని."

అనిత తల్లిని పొదువుకుంది. ఏడుస్తూనే తెర వైపు చూసింది, ఈసారి డిజైనరు కళ్లతో కాదు. నీలం వెలుగులో, ఇస్త్రీ చొక్కాలో, తెల్లని నున్నని మనిషి. ఏ ఆఫీసులోనో పనిచేసి రిటైరైన పెద్దమనిషి. సముద్రం ముఖం ఎరగనివాడు. అమ్మ ఎంచిన మానిటర్ ఉన్నది ఉన్నట్టే చూపిస్తోంది. రంగు కాడ మోసపోని కళ్లు ఉన్నది ఉన్నట్టే చెప్పాయి. మోసం చేసింది తన చెయ్యే. ఆరేళ్లుగా ఊళ్లవాళ్ల నాన్నలకి చేసినట్టే తన నాన్నకీ చేసేసింది.

లేచి వెళ్లి, తను వేసినవన్నీ ఒక్కొక్క పొరే తీసేసింది. తెల్లచొక్కా పోయింది. వెలుగు పోయింది. నున్నదనం పోయింది. ఆఖరికి మిగిలింది బూడిదరంగు మొహం. దానికి రంగెక్కడి నుంచి తేవాలి? తల్లి చామనచాయ, తనకీ అదే వచ్చింది. నాన్న నలుపు ఈ ఇంట్లో లేదు. ఊళ్లో ఒకే ఒక్క మనిషి దగ్గర ఉంది. ఆ మాట ఇద్దరికీ ఒకేసారి తట్టింది.

కూర్మయ్య తాటాకు పందిరి కింద వల కుడుతున్నాడు. అనిత వెళ్లి ఎదురుగా నేల మీద కూర్చుంది. అతను తలెత్తలేదు.

"పెద్నాన్నా, అమ్మ నాన్న ముకం మర్సిపోనాది," అంది. సూది ఆగింది. "నాకూ సరిగా గేపకం నేదు. నాన్న రంగు నీ ఒంటి మీదే ఉన్నాది. అది కావాల. ఒక్కసారి వచ్చి కూకో."

కూర్మయ్య చేతిలో ఉన్న ముడి పూర్తిచేసి, దారం కొరికి, తువ్వాలు భుజాన వేసుకుని లేచాడు.

కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చోబెట్టి అనిత అతని బుగ్గ, మెడ, నుదురు ఫోనుతో తీసింది. ఆ రంగు పట్టుకుని తెర మీది మొహానికి పల్చగా అద్దడం మొదలుపెట్టింది. దాలమ్మ వెనక నిలబడింది. రంగు ముదిరేకొద్దీ ఆవిడ ఊపిరి మారింది.

"మెడ కాడ ఇంకా నలుపు," అంది. "బుగ్గ ఎముక మీద ఎర్ర నలుపు, ఎండ అక్కడే కొడతాది. అదీ. ఇంకొంచెం."

కూర్మయ్య కూడా ముందుకి వంగాడు. "ఎడం కనుబొమ్మ మీద కోత ఏదమ్మా? సిన్నప్పుడు గేలం తగిలినాది. ఇసిరింది నానే. మా అమ్మ నన్ను తాటిమట్టతో కొట్టినాది."

అనిత చెయ్యి మౌసు మీద ఆగిపోయింది. కనుబొమ్మ మధ్యలో తెల్లటి గీత. ఓటరు కార్డులో అది ఉంది. కార్డు మీద గీరుకుపోయిందనుకుని మొదటి రోజే తుడిచేసింది. నాన్న ఎత్తుకున్నప్పుడల్లా తను వేలితో రాసి ఆడుకున్న గీత అది. మొహం మర్చిపోయింది అమ్మ ఒక్కతే కాదు. వెనక్కి వెళ్లి అసలు పొర తెచ్చి పెట్టింది. గీత తిరిగొచ్చింది. దానితో పాటు చూపు కూడా వచ్చినట్టయింది.

దాలమ్మ "అమ్మా" అనబోయి ఆగి, రెండు చేతులతో కుర్చీ వీపు పట్టుకుంది. ఇక ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది.

బయట వాన మొదలైంది. ఉన్నట్టుండి కూర్మయ్య తెర వైపే చూస్తూ మాట్లాడాడు.

"ఆడి సెయ్యి నా సేతిలోనే ఉన్నాది దాలమ్మా. మొదటి కెరటానికీ ఉన్నాది. రెండోదానికి బోటు మా మీద పడినాది. నాను వదల్నేదు. ఆడే వదిలించుకున్నాడు, ఇద్దరం ములిగిపోతామని. 'దాలమ్మకి' అన్నాడు. ఆపైన మాట నీల్లలో పోనాది. నీకేటి సెప్పమన్నాడో నాలుగేల్లుగా ఎతుకుతన్నాను. దొరకనేదు. సగం మాట ఎలగ సెప్పాలని ఊరుకున్నాను." తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "గాజుల మాట అనకుండా ఉండాల్సింది. నన్ను సెమించు."

"సగమైనా నా పేరే కదా బావా," అంది దాలమ్మ.

అప్పుడే కరెంటు పోయింది. వానమబ్బుకి గది నల్లబడింది. బల్ల కింద యూపీఎస్ కూతపెట్టింది. గదిలో వెలుగంతా ఎల్లాజీ మొహానిదే. అనిత గబగబా సేవ్ చేసి, మిషను ఆపెయ్యబోయింది.

"ఉండనీ," అంది దాలమ్మ. "ఎంతసేపుంటాడు?"

"పది నిమిషాలు."

"ఉండనీ."

దాలమ్మ కూతురిని లేపి తను కుర్చీలో కూర్చుంది. చేప మొప్ప చూసేంత దగ్గరగా వంగి చూసింది. కొనగోరుతో కనుబొమ్మ మీద గీతని రాసింది, ఈసారి సిగ్గుపడలేదు. ఒక్కసారి పెదవులు కదిలాయి గానీ ఏమందో యూపీఎస్ కూతల మధ్య వినపడలేదు. వినాలని కూర్మయ్యా ప్రయత్నించలేదు, అనితా ప్రయత్నించలేదు. కూతలు దగ్గరపడ్డాయి, ఒకదాన్నొకటి తరిమాయి, తెర ఆరిపోయింది.

కాసేపటికి గాజులు రాసుకున్న చప్పుడైంది. అమ్మ కళ్లు తుడుచుకుంటోందనుకుంది అనిత. చప్పుడు ఆగలేదు. ఒక్కొక్క గాజూ తీసి కీబోర్డు పక్కన బల్ల మీద పెడుతున్న చప్పుడది.

"బావా," అంది దాలమ్మ చీకట్లోంచి. "అయ్యోరికి సెప్పెయ్. ఊరికి బువ్వెట్టలేను గానీ, ఆయనకెడతాను. ముకం దొరికినాది."